లేని పెట్టె కొలతలు

ముప్ఫయ్యేళ్ళుగా రేకులు వంచుతున్న మేస్త్రికి తొమ్మిదో తరగతి బెంచీలో తన మోకాళ్ళు వంచుకోవడం చేతకాలేదు. ఒక కాలు బెంచీ లోపల, ఒక కాలు నడవలో పెట్టి, సుత్తిదెబ్బ పక్కకి పడిన మేకులా కూర్చున్నాడు. సాయంత్రం ఆరయింది. పగలు పిల్లలు చదువుకుని వెళ్ళిన గదిలో సుద్దపొడి, పెన్సిలు చెక్కు వాసన ఇంకా ఉంది. చుట్టూ మరో పదకొండు మంది ఉన్నారు. పగలంతా ఎక్కడో పనిచేసి, ముఖాలు కడుక్కుని వచ్చినవాళ్ళు. అందరూ ఏదో తప్పు చేసి పట్టుబడ్డవాళ్ళలా తలలు దించుకుని ఉన్నారు.

లెక్కలు చెప్పడానికి అతని బావమరిది లోపలికి వచ్చాడు. అందరూ లేచి నిలబడ్డారు. మేస్త్రి లేవలేదు. కాలు ఇరుక్కుంది. ఆ సాకు దొరికినందుకు లోపల సంతోషించాడు.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి ఈ బెంచీలోకి రావడానికి కారణం ఒక కాగితం. అతను పనిచేసే షాపులో పెద్ద భవనాలకి గాలి గొట్టాలు, ట్రేలు, రేకు పెట్టెలు తయారుచేస్తారు. అక్కడి సూపర్‌వైజరు ఏడాది చివర్లో దిగిపోతున్నాడు. ఆ కుర్చీ మేస్త్రిదేనని గోడలకి కూడా తెలుసు. కాని యజమాని ఒకరోజు పిలిచి, "పదో తరగతి పాసైనట్టు కాగితం లేకపోతే మనకి పనులిచ్చే కంపెనీలవాళ్ళు ఒప్పుకోరు మేస్త్రీ. నీకు తప్పింది లెక్కలొక్కటేగా, ఈ ఏడు గట్టెక్కెయ్. లేదంటే స్టోర్ కీపర్ని కూర్చోబెట్టాల్సి వస్తుంది" అన్నాడు. స్టోర్ కీపరు మంచివాడే. కాని ఏ మందం రేకుని ఎంత వంచితే పగులుతుందో అతనికి తెలియదు. అలాంటివాడు వచ్చి తన వంపు చూసి తల ఊపడం ఊహించుకుంటే మేస్త్రికి అన్నం దిగలేదు.

పెద్దవాళ్ళకోసం నడిపే సాయంత్రపు బడి ఊళ్ళో ఒక్కటే ఉంది. అందులో లెక్కలు చెప్పేవాడు కూడా ఒక్కడే. తన భార్య తమ్ముడు.

అసలు పరీక్షంటే మేస్త్రికి భయం లేదు. నాలుగు జవాబులిస్తారు, సరైనదాని పక్కన గీత కొట్టడమే. చిక్కంతా బడిలో పెట్టే ఇరవై మార్కుల పరీక్షతోనే. అందులో ఏడు రాకపోతే అసలు పరీక్షకి పేరే పంపరు. ఆ ఇరవై మార్కులు బావమరిది చేతిలో ఉన్నాయి.

బావమరిదికి ఒక పేరుంది. దాన్ని పెట్టింది మేస్త్రి. తల్లి పోయాక పదేళ్ళ వయసులో అక్క ఇంటికొచ్చిన పిల్లవాణ్ణి ఒక ఆదివారం షాపుకి తీసుకెళ్ళి, పనివాళ్ళందరి ముందూ "ఏడెనిమిదులు ఎంతరా?" అని అడిగాడు. వాడు బెదిరిపోయి "యాభైనాలుగు" అన్నాడు. అంతే. ఆరోజు నుంచి షాపులో వాడు యాభైనాలుగు, వీధిలో యాభైనాలుగు. వాడికి మీసాలొచ్చాయి, డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. "మన యాభైనాలుగు లెక్కల మాస్టారయ్యాడటరోయ్" అని అప్పుడూ నవ్వుకున్నారు. ఉద్యోగం వచ్చిన వారానికే వాడు ట్రంకు పెట్టె తీసుకుని వేరే గదికి వెళ్ళిపోయాడు. ఏరు దాటి తెప్ప తగలేశాడని మేస్త్రి అందరితోనూ అన్నాడు. అప్పటినుంచి వాడు అక్కని చూడ్డానికి వచ్చేది మేస్త్రి ఇంట్లో లేని వేళల్లోనే.

ఇప్పుడు ఆ మనిషి బల్ల వెనక నిలబడి, హాజరు పుస్తకం మూసి, బోర్డు మీద రాయడం మొదలుపెట్టాడు.

"ఒక సంఖ్యని మూడు రెట్లు చేసి, ఏడు కలిపితే ఇరవై అయిదు వచ్చింది. ఆ సంఖ్య—"

"ఆరు" అన్నాడు మేస్త్రి.

బావమరిది వెనక్కి తిరగలేదు. "ఎలా వచ్చింది?"

"వచ్చింది."

"అదే, ఎలా?"

"ఆకలేస్తే ఎలా వేసిందని అడుగుతారా ఎవరైనా?"

గది నవ్వింది. బావమరిది తిరిగాడు. ముఖంలో కోపం లేదు. అది మేస్త్రికి నచ్చలేదు.

"ఆకలికి మార్కులు లేవు. మీరు రాసింది చదివేవాడికి మీ కడుపు కనబడదు. మెట్లు రాయాలి" అన్నాడు.

మీరు. ఇంట్లో ఉన్న పదేళ్ళూ "బావా, నువ్వు" అన్నవాడు. ఆ గౌరవం మేస్త్రికి చెంప మీద చల్లటి నీళ్ళు కొట్టినట్టు తగిలింది. తను తిరిగి ఏమనాలి? నలుగురిలో "ఏరా" అనలేడు. "సార్" అనడం చచ్చినా జరగదు. అందుకని నెలల తరబడి ఆ మనిషిని ఏమీ పిలవకుండానే మాట్లాడాడు. పిలుపు లేకుండా వాక్యం కట్టడం ఎంత కష్టమో, అంచు మడవకుండా రేకు పట్టుకోవడం అంత కష్టం. ఎక్కడో ఒకచోట కోసుకుంటుంది.

"తెలియని సంఖ్యకి x అని పేరు పెడదాం" అన్నాడు బావమరిది.

మేస్త్రి పెన్ను ఇక్కడే ఆగింది. ఆరు అని తనకి తెలుసు. తెలిసిన మనిషి చేత మొదటి వరుసలోనే, సిరాతో, నాకు తెలియదు అని రాయిస్తున్నారు. అలా రాస్తేనే ముందుకి వెళ్ళనిస్తారట. తెలియదు అన్న మాట అతను షాపులో ఎన్నడూ అనలేదు. తెలియని పని వస్తే "రేపు చూద్దాం" అనేవాడు. రాత్రికి ఎలాగో తెలుసుకునేవాడు. తెలియదు అన్నవాళ్ళకి ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. వాళ్ళకి పేర్లు పెడతారు.

ఇంట్లో భార్య కంచం ముందు కూర్చుని అడిగింది.

"ఏమంటున్నాడండీ?"

"ఎవడు?"

"ఎవడేమిటి, మా తమ్ముడు."

"మీరు అంటున్నాడు."

"మర్యాదే కదా."

"మర్యాద కాదది. మేకు."

"బావమరిది ఎప్పుడూ బావ బతకాలనే కోరతాడంటారు."

"కోరతాడు మరి. నేను చస్తే వాడెవణ్ణి ఏడిపించుకుంటాడు?"

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. వెంటనే ముఖం ముడుచుకుంది. "మీ ఇద్దరి మధ్యా నేను అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. పోయి ఒక్క మంచిమాట అనరాదూ? వాడు దానికే ఎదురుచూస్తున్నాడు."

"ఏం మాట?"

ఆమె చెప్పలేదు. చెప్పకపోయేసరికి మేస్త్రికి ఆ మాటేమిటో తెలిసినట్టే అయింది. కంచం పక్కకి నెట్టి లేచాడు.

నేర్చుకున్నాడు. చదువుమీద ప్రేమతో కాదు, పగతో. భోజనం వేళ మిగిలిన రేకు ముక్కల మీద సుద్దతో లెక్కలు చేసేవాడు. ప్రతి లెక్కనీ రెండుసార్లు చేసేవాడు. ఒకసారి తన పద్ధతిలో, ఒకసారి వాడి పద్ధతిలో. ఎక్కడైనా వాడి పద్ధతి తప్పితే పట్టుకోవాలని. ఇటువైపు ఉన్నది అటువైపు వెళితే గుర్తు మారుతుందని వాడు చెప్పినరోజు, ఇదేదో గారడీ అనుకుని నలభై లెక్కలు చేసి చూశాడు. నలభైలోనూ మారింది. నలభైలోనూ సరిపోయింది. సుద్దముక్క గోడకేసి కొట్టాడు.

రెండు మైనస్‌లని హెచ్చవేస్తే ప్లస్ అని చెప్పినప్పుడు ఊరుకోలేదు. "రెండు లేనివి కలిస్తే ఒక ఉన్నది ఎలా అవుతుంది?" అన్నాడు.

"కలిస్తే కాదు, హెచ్చవేస్తే. మైనస్ మూడుని మూడుతో, రెండుతో, ఒకటితో, సున్నతో హెచ్చవేసి వరుసగా రాసుకోండి. ప్రతిసారీ ఎంత పెరుగుతోందో చూడండి. సున్న దగ్గర ఆగకుండా ఇంకో మెట్టు దిగండి."

షాపులో రాశాడు. మైనస్ తొమ్మిది, మైనస్ ఆరు, మైనస్ మూడు, సున్న. ఇంకో మెట్టు. మూడు. కాస్త సేపు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. అందంగా ఉంది. అందంగా ఉందని ఒప్పుకోవాల్సి వచ్చినందుకు వాడిమీద ఇంకో రెండు పాళ్ళు కోపం పెరిగింది. అయినా పరీక్ష కాగితం మీద మెట్లు రాసేది లేదని అప్పుడే నిశ్చయించుకున్నాడు. జవాబు చాలు. జవాబు సరైనదైతే ఎవడు కాదంటాడో చూద్దాం.

పరీక్షలో నాలుగు ప్రశ్నలు, ఒక్కోదానికి అయిదు మార్కులు. నాలుగోది చూడగానే మేస్త్రి పెదవి చివర నవ్వొచ్చింది. ముప్ఫై అంగుళాల పొడవు, ఇరవై అంగుళాల వెడల్పు ఉన్న రేకు. నాలుగు మూలలా ఒకే కొలత చదరాలు కత్తిరించి, అంచులు పైకి మడిచి ట్రే చేయాలి. అడుగుభాగం వైశాల్యం రెండు వందల చదరపు అంగుళాలు రావాలి. మూల ఎంత కత్తిరించాలి? ఆ ట్రేలు తను వందలు మడిచాడు. చిన్న బొమ్మ గీసి, మూలల్లో 5 అని రాసి, కాగితం ఇచ్చేశాడు.

మర్నాడు సాయంత్రం బావమరిది నాలుగు లెక్కలూ బోర్డు మీద చేశాడు. నాలుగోది చివర. మూల x అనుకున్నాడు. రెండువైపులా పోతుంది కాబట్టి పొడవు 30 − 2x, వెడల్పు 20 − 2x. రెండిటినీ హెచ్చవేసి 200కి సమానం చేశాడు. విప్పాడు, అన్నీ ఒకవైపు తెచ్చాడు, నాలుగుతో భాగించాడు. x² − 25x + 100 = 0. దాన్ని రెండు ముక్కలుగా విడగొట్టాడు. చేతిరాత ముత్యాల్లా ఉంది. చివర "x = 5 లేదా 20" అని రాసి, చుట్టూ గడి గీసి, "ఇవీ జవాబులు" అన్నాడు.

మేస్త్రి కళ్ళు ఆ గడి మీద నిలిచిపోయాయి. ముందు నమ్మలేదు. తర్వాత ఒళ్ళంతా వెచ్చబడింది. ఎనిమిది నెలలుగా వెతుకుతున్నది అదిగో, గడిలో పెట్టి మరీ ఇచ్చాడు. చెప్పకుండా ఊరుకోవచ్చు. క్లాసు అయ్యాక ఒంటరిగా చెప్పవచ్చు. ఈ రెండు దారులూ అతనికి కనబడ్డాయి. కనబడి కూడా లేచి నిలబడ్డాడు. ఈసారి కాలు ఇరుక్కోలేదు.

"ఇరవై కూడా జవాబేనా?"

"అవును. వేసి చూడండి. ముప్ఫైలోంచి నలభై తీస్తే మైనస్ పది. ఇరవైలోంచి నలభై తీస్తే మైనస్ ఇరవై. రెండిటినీ హెచ్చవేస్తే రెండు వందలు. లెక్క సరిపోయింది."

"లెక్క సరిపోయింది. పెట్టె ఏదీ?"

బావమరిది సుద్ద పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగింది.

"ఇరవై వెడల్పు రేకుకి ఒక మూల ఇరవై కొస్తే ఇంకో మూలకి రేకెక్కడిది?" మేస్త్రి ముందు బెంచీలోని లారీ డ్రైవరు నోటు పుస్తకం లాక్కుని, నడి పేజీ చించి, నడుచుకుంటూ వెళ్ళి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో. రేకనుకుని కొయ్యండి. ఆ మైనస్ పదీ మైనస్ ఇరవై ట్రే మాకూ చూపించండి. అందులో టీ గ్లాసులు పెట్టుకుని తిరుగుతాం."

డ్రైవరు పగలబడి నవ్వాడు. వెనక బెంచీ నవ్వింది. ఆస్పత్రిలో ఆయాగా పనిచేసే పెద్దావిడ ఒక్కతే నవ్వలేదు. బావమరిది బోర్డు వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడూ వాడికి ముందు చెవులే ఎర్రబడేవి. అది చూసేసరికి మేస్త్రి నాలుక తనంతట తనే కదిలింది.

"మారలేదు. యాభైనాలుగు యాభైనాలుగే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ పేరు వాళ్ళలో చాలామందికి తెలియదు. తెలిసిన డ్రైవరు కిటికీలోంచి బయటికి చూశాడు. బావమరిది డస్టరు తీసుకుని ఇరవైని తుడిచేశాడు. చేతిగడియారం చూసుకుని, "ఇవాళ్టికి చాలు" అని వెళ్ళిపోయాడు.

శుక్రవారం జాబితా పంపాలి. గురువారం మార్కులు చూసుకోవచ్చన్నారు. ఆ మధ్య రెండు రోజులూ మేస్త్రి విచిత్రంగా హుషారుగా ఉన్నాడు. వాడు తనకి ఆరు వేస్తాడు. ఖాయం. ఒక్క మార్కుతో తప్పిస్తాడు. అప్పుడు తను భార్య ముందు, యజమాని ముందు, వీధి వీధంతటి ముందూ ఆ కాగితం పరిచి, చూశారా, పెంచినందుకు నా గొంతు కోశాడు అనవచ్చు. సూపర్‌వైజరు కుర్చీ పోతుంది, నిజమే. దాని బదులు జీవితాంతం చెప్పుకోవడానికి ఒక అన్యాయం దొరుకుతుంది. రెండిట్లో ఏది కావాలని మనసుని అడిగితే అది వెంటనే జవాబు చెప్పలేదు. అందుకు అతనికి భయమేసింది.

గురువారం సాయంత్రం ఉపాధ్యాయుల గదిలో బావమరిది ఒక్కడే ఉన్నాడు. బీరువా పక్కన ఇరుకు బల్ల, దానిమీద కాగితాల కట్ట. మేస్త్రి టిఫిను డబ్బా నేల మీద పెట్టి, ఎవరూ కూర్చోమనకముందే కూర్చున్నాడు.

"ఆరు" అన్నాడు బావమరిది, కాగితం తిప్పి ముందుకి తోస్తూ.

"తెలుసు."

"ఏం తెలుసు? చూడు ముందు."

గదిలో ఇద్దరే ఉండేసరికి "మీరు" పోయింది. మేస్త్రి చూశాడు. మొదటిదానికి ఒకటి. జవాబు సరైనది, మెట్లు లేవు. రెండోదానికీ అంతే. మూడోది సగం రాశాడు, రెండు. ట్రేకి రెండు. బొమ్మకి ఒకటి, జవాబుకి ఒకటి. తప్పు ఎక్కడుందా అని వెతికాడు. మెట్లకిన్ని, జవాబుకిన్ని అని మొదటి రోజే బోర్డు మీద రాసిన లెక్క ప్రకారమే ఉంది. ఎక్కడా వాడి పగ లేదు. కాగితం శుభ్రంగా ఉంది. మేస్త్రి దాన్ని తిరగేసి వెనకవైపు కూడా చూశాడు.

"ఇరవై కాదని పట్టుకున్నది నేను" అన్నాడు.

"క్లాసులో పట్టుకున్నావు. కాగితం మీద లేదు. నోటికి మార్కులు లేవు."

"నీ తప్పుకి నీకెన్ని వేసుకున్నావు?"

బావమరిది ఎర్ర పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "ఇరవై పనికిరాదని ఏడేళ్ళుగా చెబుతున్నాను ప్రతి క్లాసుకీ. ఆరోజు మరిచిపోయాను. నువ్వు వెనక కూర్చుంటే నాకు ఎక్కాలు కూడా మరిచిపోతాయి. ఇప్పటికీ. అది నా జబ్బు, నేను చూసుకుంటాను. నీ కాగితం సంగతి మాట్లాడు."

మేస్త్రికి అనడానికి ఏదో ఉందనిపించింది కాని, నోట్లో అలాంటి మాట తిరిగే చోటు ఎన్నడూ లేదు.

"ఒక్కొక్కరు ఒక్క ప్రశ్న మళ్ళీ రాసుకోవచ్చు. రూలుంది. డ్రైవరు రాశాడు, ఆయా రాసింది. ఇంకా రాయనిది నువ్వే. నీకని పెట్టింది కాదు."

"వద్దంటే?"

"ఆరు పంపిస్తాను. నాకు నిద్ర పడుతుంది."

ఆ మాట నిజమని మేస్త్రికి తెలిసిపోయింది. వీడు అన్యాయం చేయడు. అన్యాయం చేసి తనకి ఆ తృప్తినివ్వడు. ఇంతకంటే పెద్ద పగ ఎవరూ తీర్చుకోలేరు. లేచి వెళ్ళిపోతే స్టోర్ కీపరు, కూర్చుంటే వీడి కళ్ళ ముందు మెట్లు. పెన్ను అడగకుండానే బల్ల మీది పెన్ను తీసుకున్నాడు.

రాశాడు. మూల x అనుకుందాం. ఆ మొదటి వరుస దగ్గర చెయ్యి బరువెక్కింది. తర్వాత తేలికైంది. విప్పడం, అటుది ఇటు తేవడం, భాగించడం, విడగొట్టడం. రేకు ముక్కల మీద ఎన్ని వందలసార్లు చేశాడో అవన్నీ వరుసగా వచ్చి నిలబడ్డాయి. 5 లేదా 20 దగ్గర ఆగి, కింద రాశాడు: వెడల్పు మిగలాలి, కాబట్టి 20 − 2x > 0. కాబట్టి x < 10. కాబట్టి 20 పనికిరాదు. జవాబు 5.

బావమరిది వేలు పెట్టి చదివాడు. "మెట్లకి ఒకటి. మొత్తం ఏడు. పేరు పంపిస్తాను."

కావలసింది వచ్చేసింది. మేస్త్రి లేవాలి. లేవలేదు.

"మిగతా రెండూ?"

"20 − 2x సున్న కంటే ఎక్కువ అన్నావు. వెంటనే x పదికంటే తక్కువ అన్నావు. ఎక్కువ గుర్తు తక్కువగా ఎందుకు తిరిగింది? మధ్యలో వరుస లేదు."

"తిరక్కపోతే పదికంటే ఎక్కువ కొయ్యాలి. రేకుండదు."

"అది రేకు సంగతి. గుర్తు సంగతి అడుగుతున్నాను. ఇరవైని అటు పంపి, మైనస్ రెండుతో భాగించాలి. మైనస్‌తో భాగిస్తే గుర్తు తిరగబడుతుంది. క్లాసులో చెప్పాను. ఆరోజు నువ్వు గోడకేసి చూస్తున్నావు."

"వింటూనే ఉన్నాను."

"మరి రాయవేం?"

మేస్త్రి కాగితం తనవైపు లాక్కున్నాడు. వాడు చెప్పిన వరుస రాయడానికి అర నిమిషం పట్టదు. కాని వాడు చెప్పిందే వాడి ముందు రాయడానికి మనసొప్పలేదు. 20 − 2x > 0 వైపు గుచ్చి గుచ్చి చూశాడు. ఇరవైని ఎందుకు పంపాలి? అది ఉన్నచోటే ఉండనీ. రెండో దాన్నే పంపితే? రాశాడు: 20 > 2x. దాని కింద: 10 > x.

"ఏదీ తిరగబడలేదు. తిరగబడనక్కర్లేదు" అని కాగితం వెనక్కి తోశాడు.

బావమరిది చదివాడు. మళ్ళీ చదివాడు. బయట జవాను గదులకి తాళాలు వేసుకుంటూ వస్తున్న చప్పుడు వినబడుతోంది.

"నేను చెప్పిన పద్ధతి కాదిది."

"తప్పా?"

బావమరిది పెన్ను మూత తీశాడు. "కాదు."

ఎర్ర పెన్ను రెండు వరుసల పక్కనా రెండు టిక్కులు కొట్టింది. ఏడు కొట్టేసి తొమ్మిది వేశాడు. జాబితాలోనూ రాశాడు. పెన్నుకి మూత పెట్టాడు.

మేస్త్రి లేచి, డబ్బా చేతిలోకి తీసుకుని కూడా కదలకుండా నిలబడ్డాడు. ఆ రెండు వరుసలూ బాగున్నాయని అతనికి తెలుసు. భార్యకి చెబితే పాసయ్యారా అంటుంది. షాపులో చెబితే మేస్త్రికి చదువెక్కిందని నవ్వుతారు. అవి ఎంత బాగున్నాయో తెలిసినవాడు ఊరంతటికీ ఒక్కడే. ఆ ఒక్కడూ తల వంచుకుని కాగితాలు కట్ట కడుతున్నాడు.

"ఇంకేమైనా కావాలా?" అన్నాడు బావమరిది, తల ఎత్తకుండా.

"ఏం అక్కర్లేదు."

గుమ్మం దాకా నడిచాడు. తన ఇంట్లో పెరిగిన ఆ పదేళ్ళలో వాడు ఏదో ఒకరోజు ఒక లెక్క సరిగ్గా చేసే ఉంటాడు. ఆరోజు తను ఏమన్నాడో గుర్తు తెచ్చుకోబోయాడు. ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. దొరకకపోవడం కూడా వీడి తప్పే అనిపించి, ఒళ్ళు మండి, తలుపు గట్టిగా లాగి వేసి బయటికి నడిచాడు.